మూడో అంతస్తులో ఇద్దరం

"గోడకి ఒక్క మేకు కొట్టడానికి వీల్లేదు," అన్నాడు ఇంటాయన, తాళంచెవి ఇంకా నా చేతిలో పెట్టకముందే. "ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఈ గోడల్ని జల్లెడ చేసి పోయారు. బాగు చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"కొట్టమండీ," అన్నాను.

"ఈ వేసవి మూడు నెలలూ చూస్తాను. ఇల్లు శుభ్రంగా ఉంచితే అప్పుడు ఏడాదికి కాగితం రాసుకుందాం. ఉండేది మీరిద్దరేగా? ఈవిడ మీ అమ్మగారా?"

నేను నోరు తెరిచేలోగా అత్తయ్యే చెప్పింది. "అత్తగారిని."

ఇంటాయన మా భుజాల మీదుగా మెట్లవైపు చూశాడు, ఇంకెవరో పైకి రావాలన్నట్టు. ఎవరూ రాలేదు. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకుని, తాళంచెవి ఇచ్చి, కింది అంతస్తులో ఉన్న తన ఇంటికి దిగిపోయాడు.

దానికి పది రోజుల ముందు అత్తయ్య కొడుకు, అంటే నా భర్త, భోజనం చేస్తూ చేస్తూ, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, తనతోపాటు టైల్స్ షోరూములో పనిచేసే ఒకామెని ఇంటికి తెచ్చుకుంటున్నానని చెప్పాడు. నేను అరవలేదు. ఇల్లు చూసుకుని, నా కుట్టు మిషనూ బట్టలూ నాలుగు గిన్నెలూ చిన్న ట్రక్కులోకి ఎక్కించాను. ట్రక్కు కదలబోతుంటే అత్తయ్య చేతిసంచీతో వచ్చి తలుపు తీసి, "కాస్త జరుగు," అంది. జరిగాను. ఎందుకు వస్తున్నారని అడగలేదు. అడిగితే దిగిపోతుందేమోనని భయం.

ఆ ఇల్లు రెండు చిన్న గదులు. ఒక మనిషి నిలబడితే రెండో మనిషి బయట ఆగాల్సిన వంటగది. కిటికీ తీస్తే ఎదుటి భవనం గోడ. మధ్యాహ్నం మూడింటికి ఎండ ఆ గోడ మీద పడి, వేడి మాత్రం మా ఇంట్లోకి విసిరి పోయేది. ముందుగదిలో ఒక మూల చెమ్మ దిగిన మరక, నిలువెత్తున. అత్తయ్య ఆ మరకనే చూస్తూ తన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రైలు కోసం కూర్చున్నట్టు.

నేను పనిచేసేది ఒక కర్టెన్ల దుకాణంలో, వెనకగదిలో, మరో ఇద్దరు కుట్టేవాళ్ళతో. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకెళ్ళవచ్చు. అంతకుముందు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ ఒక సంచెడు తెచ్చేదాన్ని. మేకు లేకుండా ఇల్లు ఎలా అమర్చాలా అని బస్సులో కూర్చుని అదే ఆలోచన. మర తిప్పితే రెండు గోడల మధ్య బిగుసుకునే కడ్డీ ఒకటి పాతసామాన్ల కొట్లో దొరికింది. దానికి తెర కట్టి వెనకగదిని రెండు చేశాను. ఒకవైపు ఆవిడ మంచం, ఒకవైపు నాది. పళ్ళ దుకాణం వెనక పారేసిన చెక్కపెట్టెలు మోసుకొచ్చి, గరుకుకాగితంతో రుద్ది, ఒకదాని మీద ఒకటి పేర్చాను. రంగుల కొట్లో ఎవరో కలిపించుకుని, నచ్చక వదిలేసిన డబ్బా అడుగున ఉంటే తెచ్చి వాటికి పూశాను. ఆకుపచ్చకీ బూడిదకీ మధ్య ఏదో రంగు. మూల విరిగిన నిలువుటద్దాన్ని కిటికీకి ఎదురుగా గోడకి ఆనించేసరికి, ఎదుటి భవనం మీద పడిన ఎండ అద్దంలో పడి గదంతా వెలుగొచ్చింది. ఆ పెట్టెల దొంతర చెమ్మమరకకి అడ్డం నిలిచింది.

"ఇల్లా ఇది, దుకాణమా?" అంది అత్తయ్య. అని లేచి, రెండో పెట్టెని వేలెడు పక్కకి జరిపింది. "ఇప్పుడు తిన్నగా ఉంది."

ఆ వేలెడు జరపడం నాకెంత ఆనందమిచ్చిందో చెప్పలేను. కానీ ఇప్పుడు వెనక్కి చూస్తే ఒక మాట ఒప్పుకోవాలి. ఆవిడ మీద ఉన్న ప్రేమ ఒక్కటే కాదు అది. ఆయన కన్నతల్లే నా వెంట వచ్చేసిందంటే, చూసేవాళ్ళకి తప్పెవరిదో చెప్పక్కర్లేదు కదా. ఆవిడ నా ఇంట్లో ఉన్నంతకాలం నేను ఓడిపోనట్టే.

గ్యాసు రావడానికి రెండు వారాలు పట్టింది. అంతవరకూ బయటే తిండి. మా వెనక సందులో సాయంత్రమయ్యేసరికి వరసగా బళ్ళు పెట్టేవాళ్ళు. వేడి రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఎముకల సూపు, కాల్చిన మొక్కజొన్న. చివర్లో ఒకావిడ బొగ్గుల మీద చేపలు కాల్చి అమ్మేది. పేరు తెలియక మేం ఆవిణ్ణి బొగ్గులావిడ అనేవాళ్ళం. అత్తయ్య ఆ వయసుకి ఒక్కసారి కూడా బయట తిని ఎరగదు.

"నిలబడి తినడానికి మనమేమైనా గుర్రాలమా?" అంది మొదటిరోజు, ముక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

"కాళ్ళు నొప్పెడితే చెప్పండి, కూర్చుని తిందాం," అని మెట్టు చూపించాను.

కూర్చుంది. చేప వెన్ను మీది ముక్క ఒకటి గిల్లి నోట్లో పెట్టుకుంది. ఇంకోటి. ముల్లు మాత్రం మిగిల్చి, వేళ్ళు తుడుచుకుని, నేరుగా బొగ్గులావిడ దగ్గరికి వెళ్ళింది.

"మిరియాలు దంచుతావా, మర ఆడిస్తావా?"

"దంచుతానమ్మా."

"అదీ! నిమ్మకాయ దింపాక పిండుతున్నావు. పొయ్యి మీద ఉండగా పిండకూడదా?"

"చేదెక్కుతుందమ్మా. ఇరవై ఏళ్ళుగా కాలుస్తున్నా, నా పొయ్యి ముందు నిలబడి ఇన్ని ప్రశ్నలు వేసినవాళ్ళు లేరు."

"అడిగేవాళ్ళు లేకే నీకు ఉప్పు ఎక్కువైంది," అంది అత్తయ్య. బొగ్గులావిడ విసనకర్ర పక్కన పడేసి మరీ నవ్వింది.

గ్యాసు వచ్చాక కూడా వారానికి మూడుసార్లు ఆ సందులోకే పోయేవాళ్ళం. ఒకరోజు సూపు తాగుతూ అత్తయ్య ఉన్నట్టుండి, "పెళ్ళయిన మర్నాటి నుంచీ వండుతూనే ఉన్నాను. ఎవరైనా వండిపెడితే తినడం ఇలా ఉంటుందన్నమాట," అని, మొహం అటు తిప్పుకుంది. నా సూపులో సగం ఆవిడ గిన్నెలోకి వంపాను.

రెండో నెలలో ఫోన్లు మొదలయ్యాయి. మోగగానే తీసుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయేది. పదినిమిషాలకి తిరిగొచ్చేది.

"ఎవరత్తయ్యా?"

"ఎవరో. రాంగ్ నంబరు."

రాంగ్ నంబరుతో పదినిమిషాలా అని అడగలేదు. కానీ అప్పటినుంచీ ఫోను మోగితే నా చేతిలో పని ఆగిపోయేది. ఇంకో సంగతి కూడా గమనించాను. దిండుగలీబులకని దాచిన మెత్తటి పసుపుపచ్చ నూలు ముక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. అస్తరు గుడ్డ కూడా.

"ఆ పసుపు ముక్కలేమయ్యాయి?"

"నాకేం తెలుసు? గది తుడవడానికి నువ్వే వాడుంటావు."

కొత్త గుడ్డతో నేను గది తుడుస్తానా! ఆవిడ అబద్ధం ఆడటం నేను చూడటం అదే మొదలు. నా కళ్ళలోకి చూడకుండా చెక్కపెట్టె మీద లేని దుమ్ము దులిపింది.

ఆ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా నా భర్త, ద్రాక్షపళ్ళ సంచీతో. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది. నన్ను దాటుకుని లోపలికి వచ్చి, గదంతా ఒకసారి కలయజూశాడు.

"బాగా పెట్టావోయ్. ఈ రంగు ఎక్కడ దొరికింది?"

ఆయనకి నచ్చినందుకు ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. అందుకు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

అత్తయ్య వెనకగదిలోంచి వచ్చి తెర పట్టుకుని నిలబడింది. ఆయన ద్రాక్షలు పెట్టె మీద పెట్టి, "చెప్పావామ్మా?" అన్నాడు.

ఆవిడ తెర అంచు సవరించింది.

"ఏం చెప్పాలి?" అన్నాను నేను.

"చెప్పలేదన్నమాట." ఆయన నా వైపు తిరగలేదు, పళ్ళ సంచీ ముడి విప్పుతూ చెప్పాడు. "తనకి నెలలు నిండుతున్నాయి. చూసుకోవడానికి అటువైపు పెద్దవాళ్ళెవరూ లేరు. అమ్మ వస్తానంది."

పై అంతస్తులో ఎవరో కుర్చీ లాగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. నాకు లెక్క అర్థమైంది. భోజనం దగ్గర మంచినీళ్ళు అడిగినట్టు చెప్పేనాటికే ఆరో నెల.

"వచ్చే ఆదివారం వస్తాను, సామాను సర్దుకుని ఉండు," అన్నాడు తల్లితో. "అందరూ అడుగుతున్నారు, మీ అమ్మ ఏదీ అని. నేనేం చెప్పుకోను?" గుమ్మం దగ్గర ఆగి, నాతో, "పళ్ళు కడుక్కుని తినండి," అన్నాడు. మాకు తెలియనట్టు.

ఆయన మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదల్లేదు. తర్వాత అత్తయ్య లోపలికి వెళ్ళి, పరుపు కిందినుంచి తీసి తెచ్చి నా ముందు పెట్టింది. పసిపిల్లల బొంత. పసుపుపచ్చ ముక్కలు కలిపి కుట్టినది. లోపల మా దుకాణం అస్తరు. చేతికుట్టు. చూపు ఆనక కుట్లు కొన్ని చోట్ల పక్కదారి పట్టాయి.

"ట్రక్కు ఎక్కిన రోజున నాకూ తెలియదు," అంది. "నెల తిరిగాక ఫోన్లో చెప్పాడు. నీకు చెబుదామని రోజూ అనుకున్నాను. నోరు పెగల్లేదు."

"నేను తెచ్చిన గుడ్డతోనా అత్తయ్యా? నా ఇంట్లో కూర్చుని, ఆమె బిడ్డకా?"

"నా మనవడో మనవరాలో కూడా కదే."

"అయితే వెళ్ళండి. ఇప్పుడే వెళ్ళండి, వచ్చే ఆదివారం దాకా ఎందుకు? మీరు నా వెంట వచ్చింది నా కోసమని మురిసిపోయాను. కొడుకు మీద అలిగి వచ్చారు. అలక తీరింది, అంతేగా!"

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు.

"నువ్వు నన్ను ఉంచుకున్నది నా కోసమేనా అమ్మాయ్?"

నేను ద్రాక్షల సంచీ ముడి మళ్ళీ బిగించాను.

"మీ ఇద్దరూ నన్ను పందెంలో పెట్టకండి," అని బొంత మడిచి తీసుకుని, తెర అవతలికి వెళ్ళిపోయింది.

ఆ వారం ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. నేను పని నుంచి వచ్చేసరికి నా కంచం మూతపెట్టి ఉండేది. ఆవిడ తెర అవతల ఉండేది. ఆ తెర నేను కుట్టిందే. ఎంత దట్టమైన గుడ్డ వేశానో అప్పుడు తెలిసొచ్చింది. ద్రాక్షలు ఇద్దరం ముట్టుకోలేదు. నాలుగోరోజుకి చీమలు పట్టాయి, పారేశాను.

గురువారం సాయంత్రం ఇంటాయన గోడలు చూడటానికి వచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని అంగుళం అంగుళం వెతికి, మేకు జాడ కనబడక కాస్త నిరాశపడ్డట్టున్నాడు. "పరవాలేదే! సరే, వచ్చే నెలాఖరుకి కాగితం రాసుకుందాం. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇద్దరేగా?"

నేను అత్తయ్యని చూశాను. ఆవిడ కిటికీని చూసింది.

"ఎందుకడుగుతున్నానంటే," అన్నాడు ఆయన, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, "మా చెల్లెలి కూతురు కుటుంబం ఈ ఇల్లు అడుగుతోంది. ఒక్కరికైతే ఇంత ఇల్లెందుకు? ఏదో ఒకటి తేల్చి చెప్పండి మరి."

ఆదివారం నా భర్త పైకి రాలేదు. కిందినుంచే హారన్ కొట్టాడు. అత్తయ్య అప్పటికే బయలుదేరి ముందుగదిలో నిలబడి ఉంది. సంచీ పైన ఆ బొంత. మూడువైపులా అంచు మడిచి కుట్టి ఉంది. నాలుగోవైపు ఇంకా పోగులు వేలాడుతున్నాయి. వారమంతా దీపం వెలుతురు చాలక పూర్తి చేయలేకపోయిందని చూడగానే తెలిసింది.

మళ్ళీ హారన్ మోగింది.

"ఇలా ఇవ్వండి," అన్నాను.

ఆవిడ బొంతని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నేను వెళ్ళి మిషను ముందు కూర్చుని, పసుపు దారం ఎక్కించి, చెయ్యి చాపాను. అప్పుడిచ్చింది. పక్కదారి పట్టిన కుట్లు విప్పకుండా వాటి పక్కనే ఇంకో కుట్టు వేశాను. నాలుగోవైపు పోగులు లోపలికి మడిచి, మూల దగ్గర సూది గుడ్డలో దించి ఉంచి, తిప్పి, చివరిదాకా కుట్టాను. కింద హారన్ మోగుతూనే ఉంది. ఇద్దరం పట్టించుకోలేదు. దారం కొరికి, మడత పెట్టి ఇచ్చాను. ఆవిడ అంచు మీద వేలితో ఒకసారి రాసి చూసింది.

"జాగ్రత్తగా దిగండి," అన్నాను. "రెండో మలుపులో మెట్టు విరిగింది."

వరండాలోంచి చూస్తున్నాను, మాటలు పైదాకా వినిపిస్తున్నాయి. ఆయన కారు తలుపు తీస్తూ, "ఇదొక్క సంచేనా? మిగతా సామాను?" అన్నాడు.

"ఇంట్లో ఉంది."

"ఏ ఇంట్లో?"

"మా ఇంట్లో," అంది అత్తయ్య. "బిడ్డ పుట్టిన రెండు వారాలకి వచ్చేస్తాను. నన్ను దింపడానికి నీకు తీరిక లేకపోతే బస్సులున్నాయి."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను లోపలికి వచ్చేశాను.

తర్వాతి నెల ఎలా గడిచిందో చెప్పాలంటే, ఆ ఇంట్లో నేను ఒక్క వస్తువు కూడా కొత్తగా అమర్చలేదు. పెట్టెలు తుడిచాను, తెర ఉతికాను, అంతే. బిడ్డ పుట్టిందని ఆవిడే ఫోను చేసింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. వెనక ఎవరో పిలుస్తున్నారని పెట్టేసింది. ఆ తర్వాత ఫోను లేదు. బొగ్గులావిడ దగ్గరికి వెళ్తే, "అమ్మగారేరి? ఉప్పు తగ్గించానని చెప్పు," అంది. చెబుతానన్నాను. చేప సగం తిని వదిలేశాను.

పాప పుట్టి రెండు వారాలు దాటి మరో మూడు రోజులైంది. నెల ముగియడానికి ఇంకా రెండు రోజులుందనగా ఇంటాయన కాగితంతో వచ్చాడు.

"ఇద్దరా, ఒక్కరా?"

"ఇద్దరం," అన్నాను.

"మరి ఆవిడేరీ? చాలా రోజులైంది చూసి."

"వస్తారు."

"ఎల్లుండి సాయంత్రానికల్లా సంతకాలు కావాలమ్మా. అవతల వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

ఆయన వెళ్ళాక ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. పసిపిల్లని వదిలి రమ్మని ఏ మొహంతో అడగను? అడిగితే, రానంటే? చివరికి నొక్కాను. ఎత్తింది అత్తయ్య కాదు.

"హలో?" అంది ఆ గొంతు. నేనెప్పుడూ వినని గొంతు. నేననుకున్నదానికంటే చిన్నది, అలిసిపోయినది. "అత్తయ్య నిద్రపోతోందండీ. రాత్రంతా పాప ఏడుస్తుంటే ఎత్తుకునే ఉంది."

అత్తయ్య అన్న ఆ మాట నా చెవిలో ముల్లులా దిగింది. ఆ పిలుపు నాదొక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేనెవరో చెప్పలేదు. ఆమెకి తెలిసిపోయినట్టుంది, అటువైపు ఊపిరి ఆగింది.

"లేపమంటారా?" అంది మెల్లగా.

"వద్దు. పడుకోనివ్వండి. లేచాక, ఇంటాయన ఎల్లుండి సంతకం అడుగుతున్నాడని చెప్పండి చాలు."

"చెప్తాను." పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "బొంత అంచు మీరు కుట్టారటగా. పాప దాన్ని వదలదండీ."

"సరే," అని పెట్టేశాను. ఆ సందేశం అత్తయ్యకి చేరుతుందో లేదో నాకు నమ్మకం లేదు. ఆమె చెప్పకపోయినా నేను తప్పు పట్టలేను. ఆమె స్థానంలో నేనుంటే చెప్పేదాన్నా?

ఎల్లుండి రానే వచ్చింది. దుకాణంలో ఆ రోజు రెండుసార్లు మడతలు తప్పు పెట్టి విప్పుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి, తలుపు తీసి పెట్టి, ముందుగదిలో కూర్చున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే లేచేదాన్ని. రెండో అంతస్తులోనే ఆగిపోయేవి.

ఆరున్నరకి ఒక చప్పుడు రెండో అంతస్తు దాటింది. మలుపు దగ్గర ఆగింది.

"ఈ మెట్టు ఇంకా బాగు చేయించలేదూ!" అన్న గొంతు వినపడింది. తర్వాత అత్తయ్య, ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో గోడ పట్టుకుని. రెండు బస్సులు మారి వచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. పసిపాల వాసన గది నిండా వచ్చింది.

నేను నీళ్ళు తెచ్చిచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, నా మొహం చూడకుండానే మొదలుపెట్టింది.

"ముందే చెప్తున్నాను. నెలకి ఒక వారం అక్కడికి వెళ్తాను. ఆ పిల్లకి ఎవరూ లేరు, నీళ్ళు పోయడం కూడా చేతకాదు. నీకిష్టమైనా కాకపోయినా వెళ్తాను. దానికి నువ్వు ఒప్పుకుంటేనే ఆ కాగితం మీద సంతకం."

"వెళ్ళండి."

"వాడు ఇక్కడికి రాడు. రావద్దని చెప్పాను."

"సరే."

"సరే, సరే. ఇంకేం అడగవా?"

అడగాల్సింది ఒకటుంది. ఆ బిడ్డ సంగతి తెలిసిన నాటినుంచీ నన్ను తొలుస్తున్నది అదే. నేను కనలేని బిడ్డ అది. గ్లాసు తీసుకుంటూ అడిగాను.

"ఎవరి పోలిక అత్తయ్యా?"

ఆవిడ నన్ను తేరిపార చూసింది. ఎంత నిజంగా అడుగుతున్నానో తూచినట్టు చూసి, అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది.

"పోలికలు ఇప్పుడెక్కడ తెలుస్తాయి? ఎర్రగా ఉంది. నుదురంతా ముడతలు. తల మీద నాలుగు వెంట్రుకలు. పట్టుకోగానే ఏదో తప్పు చేశామన్నట్టు మొహం చిట్లించి చూస్తుంది." ఒక్క క్షణం ఆలోచించింది. "అచ్చం మన ఇంటాయనే."

సరిగ్గా అప్పుడే తెరిచి ఉన్న తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడైంది. గుమ్మంలో ఇంటాయన. చేతిలో కాగితం. నుదురు ముడిచి, మొహం చిట్లించి, నాలుగు వెంట్రుకలూ పక్కకి దువ్వుకుని, గోడలన్నీ ఒకసారి చూసుకుంటూ.

"వచ్చారా? హమ్మయ్య," అన్నాడు. "ఏమైంది, ఎందుకలా ఉన్నారిద్దరూ?"

నేను గ్లాసుతో వంటగదిలోకి పారిపోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని ఆపబుద్ధి కాలేదు. బయట అత్తయ్య మాత్రం తల పైకెత్తకుండా, గొంతు వణకకుండా అడుగుతోంది.

"సంతకం ఎక్కడ పెట్టమంటారండీ?"